ఎల్ఈడీ బల్బు వేడి నుంచి కరెంటు: వచ్చేదెంత, పోయేదెంత?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగు ఇళ్ల పిల్లలు చదివే బడుల్లో, కాలేజీల్లో సైన్స్ ప్రదర్శన పెడితే తరచూ వినిపించే ఆలోచన ఒకటుంది. ఎల్ఈడీ బల్బు అడుగుభాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఆ వేడంతా ఊరికే గాల్లో కలిసిపోతోంది. దానికి ఒక పెల్టియర్ ప్లేటు (రెండు ముఖాల మధ్య వేడిలో తేడా ఉంటే కరెంటు ఇచ్చే పలక) అంటించి కరెంటు తీసి, అదే బల్బుకి తిరిగి ఇస్తే బిల్లు తగ్గుతుంది కదా అన్నది ఆ ఆలోచన.

ఇందులో భౌతికశాస్త్రం తప్పేమీ లేదు. రెండు వేర్వేరు లోహాల అతుకుల మధ్య ఉష్ణోగ్రతలో తేడా ఉంటే విద్యుత్ ప్రభావం పుడుతుందని సీబెక్ 1821లోనే గమనించాడు. బల్బుకి ప్లేటు అంటిస్తే కరెంటు నిజంగానే వస్తుంది, మల్టీమీటర్‌లో అంకె కనబడుతుంది. చిక్కల్లా తర్వాతి లెక్కలో ఉంది. ప్లేటు ఇచ్చే దానికంటే, ఆ ప్లేటు అడ్డు పడటం వల్ల బల్బు దగ్గర పోయేదే ఎక్కువ.

9 వాట్లు ఎటు పోతున్నాయి

2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంచారు. ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 9 వాట్ల బల్బు. దాని మీద సుమారు 900 ల్యూమెన్లు (వెలుగు కొలత) అని రాసి ఉంటే, లోపల జరిగే పంపకం ఇలా ఉంటుంది. ఇంటి కరెంటును వెలుగునిచ్చే చిప్‌లకు తగ్గట్టు మార్చే డ్రైవర్ సర్క్యూట్ దగ్గరే దాదాపు 1 వాటు వేడిగా పోతుంది. మిగిలిన 8 వాట్లు చిప్‌లకు చేరతాయి. అందులో 3 వాట్లు వెలుగుగా బయటికొస్తాయి, 5 వాట్లు వేడిగా మారి చిప్‌లు అతికించిన అల్యూమినియం ప్లేటులోకి దిగుతాయి. ఈ 5 వాట్లలో కొంత నీలిరంగు చిప్‌లోనే పుట్టిన వేడి. ఇంకొంత, నీలి కాంతిని పసుపు, ఎరుపు కాంతిగా మార్చే ఫాస్ఫర్ పూతలో పోయినది. నీలి కాంతి కణానికి ఉన్న శక్తి పసుపు కాంతి కణానికి ఉండదు కాబట్టి, ఆ తేడా వేడిగా తేలక తప్పదు.

పాత ఫిలమెంట్ బల్బు కూడా వేడెక్కేది, ఇంకా ఎక్కువే. కానీ ఆ వేడిలో చాలా భాగం కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా గాజులోంచి బయటికి పోయేది. 2,500 డిగ్రీలకు కాగడమే ఫిలమెంట్ పని. ఎల్ఈడీ చిప్ సంగతి వేరు. అది ముందువైపు వేడిని దాదాపు పంపదు. మొత్తం వెనకనుంచి, లోహం గుండానే దిగిపోవాలి. పైగా చిప్ అతుకు (లోపల వెలుగు పుట్టే చోటు) ఉష్ణోగ్రత సాధారణంగా 105 నుంచి 125 డిగ్రీలు దాటకూడదు. ఎల్ఈడీకి వేడి పనిలో పుట్టే మలినం లాంటిది. ఎంత త్వరగా బయటికి నెడితే అంత మంచిది.

వేడి ఉంటే చాలదు, వాలు ఉండాలి

కోరాపుట్ జిల్లాలో, ఆంధ్ర సరిహద్దునే, 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది. దాని బలం నీళ్ల పరిమాణంలో మాత్రమే లేదు. డుడుమ దగ్గర నది ఒక్కసారిగా దాదాపు 175 మీటర్లు కిందికి పడే చోట అది కట్టారు కాబట్టి అంత కరెంటు వస్తోంది. అవే నీళ్లు చదునైన పొలంలో పారితే టర్బైన్ తిరగదు. వేడి విషయంలో ఆ వాలు పేరే ఉష్ణోగ్రత తేడా.

దీనికి పైహద్దు ఉంది, కార్నో హద్దు. కెల్విన్‌లో వేడి వైపు ఉష్ణోగ్రతలో, రెండు వైపుల తేడా ఎన్నో వంతో అంతకు మించి ఏ యంత్రమూ వేడిని పనిగా మార్చలేదు. బల్బు ప్లేటు 75 డిగ్రీలు (348 కెల్విన్), గదిలో గాలి 35 డిగ్రీలు అనుకుంటే హద్దు 11.5 శాతం. వినడానికి పర్లేదనిపిస్తుంది. కానీ ఆ 40 డిగ్రీల తేడా అంతా పెల్టియర్ ప్లేటుకి దక్కదు. అందులో పెద్ద భాగం హీట్ సింక్ (వేడిని గాలికి వదిలే లోహపు భాగం) నుంచి గాలికి వేడి దిగేటప్పుడే ఖర్చైపోతుంది. ప్లేటుకి మిగిలే తేడా చాలా చిన్నది. ఆ చిన్న తేడాకు వర్తించే హద్దులో కూడా ప్లేటులో వాడే బిస్మత్ టెల్యురైడ్ పదార్థం ఆరో వంతు వరకే అందుకుంటుంది.

సంత ధరకు దొరికే టీఈసీ1-12706 ప్లేటునే తీసుకుందాం. 40 మిల్లీమీటర్ల చదరం, మందం 4 మిల్లీమీటర్ల లోపు, లోపల 127 జతల గుళికలు. వేడిని అడ్డుకునే గుణం వాటుకు సుమారు 2 డిగ్రీలు, డిగ్రీకి ఇచ్చే వోల్టేజీ సుమారు 0.05, లోపలి నిరోధం 2 ఓమ్‌లు. దాని గుండా 5 వాట్ల వేడి పారితే రెండు ముఖాల మధ్య 10 డిగ్రీల తేడా వస్తుంది. లోడ్ (కరెంటు వాడుకునేది) తగిలించగానే ఆ తేడా 8కి పడిపోతుంది. కరెంటు పారుతున్నప్పుడు పెల్టియర్ ప్రభావమే వేడిని ఈ వైపు నుంచి ఆ వైపుకి మోస్తుంది కాబట్టి. 8 డిగ్రీలకు ఖాళీ వోల్టేజీ (లోడ్ లేనప్పటిది) 0.4. ప్లేటు నిరోధానికి సమానమైన 2 ఓమ్‌ల లోడ్ మీద దక్కేది 20 మిల్లీవాట్లు. అంటే 5 వాట్ల వేడిలో 0.4 శాతం.

ఆ లోడ్ మీద కనిపించే వోల్టేజీ 0.2 మాత్రమే. దానితో ఏ ఎల్ఈడీ వెలగదు. పెంచడానికి బూస్టర్ కావాలి. 5 వోల్టుల యూఎస్‌బీ బూస్టర్ బోర్డులకు కనీసం 0.9 వోల్టు ఉంటేగానీ ప్రాణం రాదు. సిలికాన్ ట్రాన్సిస్టర్‌తో కట్టే జూల్ థీఫ్ అనే చిన్న బూస్టర్ మొదలవ్వడానికి 0.6 దాకా కావాలి. 1:100 ట్రాన్స్‌ఫార్మర్ జతచేసిన ఎల్‌టీసీ3108 లాంటి చిప్ 20 మిల్లీవోల్టుల నుంచే పనిచేస్తుంది, కానీ లోపలికి వెళ్లిన దాంట్లో సగం మిగిలినా గొప్పే. కాబట్టి చివరికి చేతికందేది 10 మిల్లీవాట్లు.

రోజుకి 5 గంటలు, ఏడాదంతా వెలిగిస్తే 18 వాట్-గంటలు. యూనిట్‌కి 6 రూపాయలని లెక్క వేసుకుంటే ఏడాదికి 11 పైసలు. ప్లేటు ఒక్కటే 150 రూపాయల పైమాట.

ప్లేటు అడ్డు పడితే బల్బుకి ఏమవుతుంది

"తక్కువే వచ్చినా వచ్చింది వచ్చినట్టే కదా" అనే మాట దగ్గర చాలా ప్రాజెక్టు నివేదికలు ఆగిపోతాయి. అసలు విషయం ఆ తర్వాతే ఉంది.

పెల్టియర్ ప్లేటు పనిచేయాలంటే దాని రెండు ముఖాల మధ్య తేడా ఉండాలి. హీట్ సింక్ వైపు ఉష్ణోగ్రత మారదు, ఎందుకంటే బయటికి పోవాల్సిన వేడి దాదాపు అంతే. కాబట్టి ఆ 8 డిగ్రీలూ ఎల్ఈడీ వైపు పెరగాల్సిందే. అంతకుముందు 65 డిగ్రీల దగ్గరున్న చిప్‌ల ప్లేటు 73కి వెళుతుంది.

తెల్ల ఎల్ఈడీ వెలుగు డిగ్రీకి సుమారు 0.15 నుంచి 0.2 శాతం తగ్గుతుంది. 8 డిగ్రీలకు తక్కువ పక్షాన వేసినా 1.2 శాతం. 3 వాట్ల వెలుగులో అది దాదాపు 40 మిల్లీవాట్లు. ఆ వెలుగు తిరిగి రావాలంటే బల్బులోకి 120 మిల్లీవాట్ల కరెంటు అదనంగా పోవాలి. వేడెక్కినప్పుడు చిప్ వోల్టేజీ కూడా కొంచెం తగ్గి, స్థిరమైన ఆంపియర్లు ఇచ్చే డ్రైవర్ మీద 50, 60 మిల్లీవాట్లు ఆదా అవుతాయన్నది నిజమే, దాన్నీ తీసేద్దాం. అయినా నికరంగా 60 మిల్లీవాట్ల నష్టం. 10 వచ్చింది, 60 పోయింది.

తేడా ఇంకా పెంచితే? మందపాటి ప్లేటు వేసి 30 డిగ్రీల తేడా నిలబెడితే 70 మిల్లీవాట్ల దాకా తీయొచ్చు. అప్పుడు చిప్‌ల ప్లేటు 95కి, చిప్ అతుకు నూరు దాటి వెళుతుంది. వెలుగులో కోత 4, 5 శాతానికి చేరుతుంది, ఫాస్ఫర్ త్వరగా వాడిపోతుంది, బల్బు ఆయువు పడిపోతుంది. డ్రైవర్ భాగాలన్నీ చిప్‌ల ప్లేటు మీదే ఉండే చౌక బల్బుల్లో దెబ్బ ముందు కెపాసిటర్‌కి తగులుతుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయువు సగమవుతుందన్నది రిపేరు చేసేవాళ్లందరికీ తెలిసిన లెక్కే. 30 పెరిగితే ఎనిమిదో వంతు.

ఇక్కడ చలి ప్రాంతాల వాళ్లకు ఒక ఆశ పుడుతుంది. 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో జనవరి రాత్రి 10 డిగ్రీలకు దిగుతుంది. మహారాష్ట్ర వైపు బల్లార్‌పూర్‌లో మే నెల రాత్రి కూడా గాలి వేడిగానే ఉంటుంది. కోరాపుట్‌లో తేడా ఎక్కువ కాబట్టి కరెంటు ఎక్కువ రావాలి కదా? రాదు. ప్లేటు ముఖాల మధ్య తేడాను నిర్ణయించేది దాని గుండా పారే వేడి, బయటి చలి కాదు. 5 వాట్లు పారితే రెండు చోట్లా 8 డిగ్రీలే. కోరాపుట్ చలి మొత్తం మెట్లను కిందికి దించుతుంది. హీట్ సింక్ 40, చిప్‌ల ప్లేటు 48 దగ్గర నిలుస్తాయి. దాని లాభం బల్బు ఆయువుకి దక్కుతుంది, ప్లేటుకి కాదు.

సొంతంగా కొలిచి చూడాలంటే

ప్రదర్శనకు పెట్టాలనుకునే విద్యార్థులు కరెంటు వచ్చిందని చూపించడంతో ఆగకుండా, లాభనష్టాల పట్టీ రెండు వైపులా చూపిస్తే అది మంచి ప్రాజెక్టు అవుతుంది. ఇంటి బల్బు విప్పి మాత్రం చేయొద్దు. డ్రైవర్ భాగాలు చిప్‌ల ప్లేటు మీదే ఉండే బల్బుల్లో చిప్‌లు నేరుగా 230 వోల్టుల లైనుతో కలిసి ఉంటాయి. తాకితే ప్రాణం పోవచ్చు.

12 వోల్టుల ఎడాప్టర్, 900 మిల్లీఆంపియర్ల స్థిర కరెంటు డ్రైవర్, 10 వాట్ల చదరపు ఎల్ఈడీ చిప్, టీఈసీ1-12706 ప్లేటు, కనీసం 100 మిల్లీమీటర్ల రెక్కల హీట్ సింక్, చిప్‌కీ ప్లేటుకీ మధ్య 40 మిల్లీమీటర్ల చదరపు, 3 మిల్లీమీటర్ల మందపు అల్యూమినియం ముక్క, థర్మల్ పేస్ట్, 2 ఓమ్‌ల 1 వాటు రెసిస్టర్, కె రకం థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే రెండు లోహాల తీగ) ఉన్న మల్టీమీటర్ సరిపోతాయి. దగ్గర్లో దొరకనివి పార్వతీపురం, విజయనగరం, బరంపురం ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి.

ముందు ప్లేటు లేకుండా చిప్, అల్యూమినియం ముక్క, హీట్ సింక్ మాత్రమే బిగించాలి. అరగంట వెలగనిచ్చి ముక్క ఉష్ణోగ్రత రాసుకోవాలి. అట్టపెట్టెలో చిప్‌ని ఒక చివర, ఫోన్‌ని లక్స్ యాప్‌తో ఇంకో చివర కదలకుండా పెట్టి వెలుగు అంకె రాసుకోవాలి. ఎల్ఈడీకి పోయే వోల్టులు, ఆంపియర్లు కూడా. ఆ తర్వాత ముక్కకీ హీట్ సింక్‌కీ మధ్య ప్లేటు పెట్టి, అదే ఎడాప్టర్, అదే పెట్టె, అదే దూరంతో మళ్లీ అరగంట. ఖాళీ వోల్టేజీ, 2 ఓమ్‌ల మీద వోల్టేజీ, ముక్క ఉష్ణోగ్రత, వెలుగు అంకె. రెండు వరుసలు పక్కపక్కన పెడితే సంగతి బోధపడుతుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది బిగింపులోనే. పేస్ట్ మందంగా పూస్తే అదే దుప్పటి అవుతుంది. ప్లేటు అక్షరాలు కనిపించీ కనిపించనంత పలుచగా ఉండాలి. హీట్ సింక్‌ని, అల్యూమినియం ముక్కని కలిపి బిగించే ఇనుప స్క్రూలు పక్కదారి వేస్తాయి, వేడి ప్లేటు గుండా పోకుండా స్క్రూల గుండా పోతుంది. నైలాన్ వాషర్లు వేయాలి. ప్లేటు చుట్టూ ఖాళీలో దూదిగానీ గ్లాస్ వూల్‌గానీ కుక్కాలి. ఒక మూలే గట్టిగా బిగిస్తే పింగాణీ పలక పగిలి లోపలి గుళికలు విడిపోతాయి. వెలిగించిన మొదటి నిమిషాల్లో మీటరు అంకె మారుతూ ఉంటుంది, వేడి పారడం ఇంకా స్థిరపడదు కాబట్టి. ఆ అంకెనే నివేదికలో రాయడం మామూలుగా జరిగే పొరపాటు. స్థిరపడేదాకా ఆగాలి.

ఇంకోటి. కరెంటు తీయడానికే అని అమ్మే ఎస్పీ1848-27145 ప్లేటు ప్రకటనలో 100 డిగ్రీల తేడాకు 4.8 వోల్టులు, 669 మిల్లీఆంపియర్లు అని ఉంటుంది. రెండూ గుణించి 3.2 వాట్లు అనుకుంటారు. ఆ వోల్టేజీ లోడ్ లేనప్పటిది, ఆ ఆంపియర్లు తీగలు షార్ట్ చేసినప్పటివి. రెండూ ఒకేసారి రావు. నిజంగా దక్కేది గుణించిన దాంట్లో నాలుగో వంతు, 0.8 వాటు. 20 డిగ్రీల తేడాకు ఇచ్చిన 0.97 వోల్టు, 225 మిల్లీఆంపియర్ల నుంచి దక్కేది 55 మిల్లీవాట్లే.

2012లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు, తీసుకున్న కరెంటు కంటే ఎక్కువ కాంతి ఇచ్చిన ఎల్ఈడీని చూపించారన్న వార్త ఈ సందర్భంలో తరచూ ఉదాహరణగా వస్తుంది. అది నిజమే. 30 పికోవాట్ల కరెంటుకి 69 పికోవాట్ల కాంతి వచ్చింది, మిగతాది చుట్టూ ఉన్న వేడి నుంచి. అయితే ఆ కాంతి కంటికి కనిపించని పరారుణం, ఆ ఎల్ఈడీని 135 డిగ్రీలకు కాచి ఉంచారు, పికోవాటంటే వాటులో లక్ష కోట్లవ వంతు. శాస్త్రంగా ఎంతో విలువైన ఫలితం. గది వెలిగించే బల్బుకి దానితో సంబంధం లేదు.

వేడిని తగ్గించడమే మేలు

వాటుకు 90 ల్యూమెన్లు ఇచ్చే బల్బు బదులు వాటుకు 120 ఇచ్చేది కొంటే, అదే 810 ల్యూమెన్లకు 9 వాట్లు కాకుండా 6.75 చాలు. ఆదా 2.25 వాట్లు. పెల్టియర్ ప్లేటు ఇచ్చే 10 మిల్లీవాట్లకు ఇది 225 రెట్లు. డబ్బా మీద వాట్లు, ల్యూమెన్లు రెండూ రాసి ఉంటాయి, రెండోదాన్ని మొదటిదానితో భాగించి చూసుకుని కొనడానికి నిమిషం పట్టదు.

రెండో పని బల్బుకి గాలి ఆడనివ్వడం. మూసి ఉన్న గాజు గోళంలో, ప్లాస్టిక్ డబ్బా దీపంలో పెట్టిన 9 వాట్ల బల్బు బయట వేలాడే బల్బు కంటే చాలా వేడెక్కుతుంది. అలాంటి చోట 5 వాట్లది వేయడమే సరైనది.

మూడోది రిపేరు తెలిసినవాళ్లకు. డ్రైవర్ భాగాలు చిప్‌ల ప్లేటు మీదే ఉండే బల్బుల్లో ఆంపియర్లను నిర్ణయించేవి డ్రైవర్ ఐసీ పక్కన సమాంతరంగా ఉండే రెండు చిన్న రెసిస్టర్లు. రెండూ సమానమైతే ఒకటి తీసేస్తే ఆంపియర్లు సగమవుతాయి. వాట్లు దాదాపు సగమవుతాయి, వెలుగు మాత్రం సగం కంటే కాస్త ఎక్కువే మిగులుతుంది, ఎందుకంటే తక్కువ ఆంపియర్ల దగ్గర నీలి చిప్ మెరుగ్గా పనిచేస్తుంది. గాలి కంటే 30 డిగ్రీలు ఎక్కువుండే ప్లేటు 15కి దిగుతుంది. అరుగు మీద, పశువుల పాక దగ్గర రాత్రంతా వెలిగే బల్బుకి ఇది బాగా నప్పుతుంది. హోల్డర్ నుంచి తీసి, కెపాసిటర్ ఖాళీ అయ్యేదాకా ఆగాకే చెయ్యి పెట్టాలి.

కరెంటు కోత వేళల్లో చిన్న దీపం, ఫోన్ ఛార్జింగ్ అసలు అవసరమైతే 3 వాట్ల సోలార్ పలక ఎండ రోజున 10 వాట్-గంటలు ఇస్తుంది. బల్బు వేడి నుంచి అంత రావాలంటే 200 రోజులు కావాలి.

పెల్టియర్ ప్లేటు చోటు పొయ్యి దగ్గర

దీపం వేడి నుంచి కరెంటు తీయడం అసలే కుదరదని కాదు. 1950ల్లో సోవియట్ దేశంలో కిరోసిన్ దీపం మీద థర్మోకపుల్ చట్రం పెట్టి రేడియో నడిపారు. అక్కడ మంట వైపు వందల డిగ్రీలు, పైగా దీపం వేడెక్కితే దానికి నష్టమేమీ లేదు. ఆ రెండు షరతులూ సరిపోయేది ఇక్కడ కట్టెల పొయ్యి. జేకేపూర్ కాగితం మిల్లు, దామన్‌జోడి అల్యూమినా రిఫైనరీ లాంటి చోట్ల ఆవిరి గొట్టాలూ ఆ కోవలోవే. తీగ లాగడం కష్టమైన మూలల్లో సెన్సర్లకు బ్యాటరీ బదులు ఇలాంటి ప్లేట్లు వాడటం పరిశ్రమల్లో ఉన్న పద్ధతే.

పొయ్యికి 10 మిల్లీమీటర్ల మందపు అల్యూమినియం పట్టీ ఒక చివర మంట అంచున ఉండేలా, ఇంకో చివర పొయ్యి బయటికి వచ్చేలా అమర్చాలి. బయటి చివర మీద రెండు ఎస్పీ1848 ప్లేట్లు సిరీస్‌లో, వాటి మీద చదునైన అడుగున్న 3 లీటర్ల అల్యూమినియం గిన్నె, నిండా నీళ్లు. 80 డిగ్రీల తేడా నిలబడితే రెండూ కలిసి 3.6 వోల్టుల దగ్గర 1 వాటు ఇస్తాయి. దానితో 5 వోల్టుల బూస్టర్ హాయిగా నడుస్తుంది, మీటల ఫోన్ ఛార్జ్ అవుతుంది. ఆ రెండు ప్లేట్ల గుండా దిగే 90 వాట్ల వేడికి నీళ్లు గంటలో దాదాపు 25 డిగ్రీలు కాగుతాయి, స్నానానికి పనికొస్తాయి. బల్బులో అడ్డంకిగా నిలిచిన వేడి ఇక్కడ రెండోసారీ పనికి వచ్చినట్టే. నీళ్లు కాగేకొద్దీ తేడా తగ్గి కరెంటు పడిపోతుంది కాబట్టి గంటకోసారి నీళ్లు మార్చాలి.

నిప్పు రాజేయకముందే గిన్నెలో నీళ్లుండాలి. చౌక ప్లేట్లలో గుళికలను అతికించే టంకం 138 డిగ్రీలకే కరుగుతుంది. వేడి ముఖం 120 దాటకుండా పట్టీని మంట నుంచి ముందుకూ వెనక్కూ జరిపి, థర్మోకపుల్‌తో చూసి ఆ స్థానం గుర్తుపెట్టుకోవాలి.